వినిపించిందా... అందరికీ చెప్పు!

ప్రపంచంలో ఏ మూల ఏ హ్యామ్ రేడియో పలికినా నిమిషం తిరక్కుండా మిగతా హ్యామ్‌లకు, అంటే అభిరుచిగా రేడియో నడిపేవాళ్లకు, కబురు చేరవేసే వ్యవస్థ ఒకటుంది. దాని పేరు డీఎక్స్ క్లస్టర్. డీఎక్స్ అంటే హ్యామ్‌ల భాషలో దూరం. బొమ్మలుండవు, మౌస్‌తో పనిలేదు, చాలాచోట్ల పాస్‌వర్డ్ కూడా అడగరు. ఓ తెర, కొన్ని కమాండ్లు, వాటి వెనక కాసింత నమ్మకం... అంతే!

డీఎక్స్ డి వీయూ2...: 14025.0 3బీ8... సీడబ్ల్యూ, 5 పైకి 1312జెడ్.

చూడగానే ముక్క అర్థం కాని ఈ వరసలో ఒక పూర్తి వార్త ఉంది. వీయూ2 అంటే మన దేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్సు ఉన్న హ్యామ్. ఆయనకు 14025 కిలోహెర్ట్జ్ దగ్గర మారిషస్ స్టేషన్ ఒకటి వినిపించింది. 3బీ8 ఆ దీవి గుర్తు. అవతలివాళ్లు మోర్స్ కోడ్‌లో పంపుతున్నారు. వాళ్లను పిలవాలంటే అదే ఫ్రీక్వెన్సీలో కాకుండా 5 కిలోహెర్ట్జ్ పైన పిలవాలి. గ్రీన్విచ్ కాలమానం ప్రకారం అప్పుడు సమయం 13:12, మన గడియారంలో సాయంత్రం 6:42. ఈ ఒక్క వరసనే హ్యామ్‌లు ‘స్పాట్’ అంటారు. విన్న మనిషి తన నోడ్‌లో (క్లస్టర్‌ను నడిపే కంప్యూటర్‌లో) దీన్ని టైపు చేసి ఎంటర్ కొట్టగానే జపాన్‌లోనూ జర్మనీలోనూ బ్రెజిల్‌లోనూ తెరల మీద కనిపిస్తుంది. రిగ్, అంటే రేడియో సెట్, ముందు కూర్చున్నవాళ్లు ట్యూనింగ్ నాబ్ అటు తిప్పుతారు.

దీనికి ఇంత ఆత్రం ఎందుకో తెలియాలంటే హ్యామ్‌ల లెక్కల పుస్తకం చూడాలి. అమెరికా హ్యామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ నడిపే డీఎక్స్‌సీసీ జాబితాలో ఇప్పుడు 340 ‘ఎంటిటీలు’ ఉన్నాయి. వాటిలో దేశాలున్నాయి, దేశాలకు దూరంగా పడి ఉన్న దీవులున్నాయి. ఆ జాబితాలో మన దేశం ఒకటి కాదు, మూడు. ప్రధాన భూభాగం వీయూ2, వీయూ3 కాల్‌సైన్లతో (స్టేషన్ల గుర్తింపు పేర్లతో) ఒకటి, అండమాన్ నికోబార్ వీయూ4 పేరుతో ఇంకొకటి, లక్షదీవులు వీయూ7 పేరుతో మరొకటి. ఒక్కో ఎంటిటీలోని ఎవరో ఒకరితోనైనా మాట్లాడి, ఆ మాట ధ్రువపడితే ఖాతాలో ఒక గీత పడుతుంది. మనుషులు ఉండని మంచు దీవికి ఎవరైనా పడవలో వెళ్లి వారం పదిరోజులు రేడియో నడిపితే, ఆ కాస్త సమయంలోనే పట్టుకోవాలి. పైగా ఆ తరంగాలు ఇక్కడిదాకా రావడానికి అయనోస్ఫియర్ కరుణించాలి. ఎప్పుడు కరుణిస్తుందో ఎవరికీ కచ్చితంగా తెలీదు. అందుకే ‘ఇప్పుడు, ఇక్కడ, వినిపిస్తోంది’ అన్న మూడు ముక్కల కబురుకు అంత విలువ.

ఫోన్ల గొలుసు నుంచి ప్యాకెట్ల దాకా

క్లస్టర్ రాక ముందు ఈ కబుర్లు పోస్టులో వచ్చే బులెటిన్లలో తిరిగేవి. అవి చేరేసరికి దీవి నుంచి జట్టు ఇంటికి చేరుకునేది! అమెరికా, ఐరోపాల్లోని క్లబ్బులు ఫోన్ల గొలుసు పెట్టుకున్నాయి. ఒకరు విన్నది ముగ్గురికి చెబితే, ఆ ముగ్గురూ తలా ముగ్గురికి చెప్పాలి. అర్ధరాత్రి ఆ ఫోన్ ఎత్తిన ఇంటివాళ్లు ఏమనుకునేవారో వేరే చెప్పక్కర్లేదు.

1980ల చివర్లో అమెరికాలో డిక్ న్యూవెల్ అనే హ్యామ్ ‘ప్యాకెట్‌క్లస్టర్’ అనే సాఫ్ట్‌వేర్ రాశారు. డాస్‌తో నడిచే మామూలు పీసీకి ఒక మోడెం లాంటి పెట్టె తగిలించి, దాన్ని రెండు మీటర్ల బ్యాండు రేడియోకు కలిపేవారు. అక్షరాలు ప్యాకెట్లుగా రేడియోలోనే ప్రయాణించేవి. వేగం సెకనుకు 1200 బిట్లు. ఇవాళ మన ఫోన్‌లోని ఒక్క ఫొటో ఆ దారిన రావాలంటే గంటలు పడుతుంది. కానీ ఒక స్పాట్ అంటే డెబ్బై ఎనభై అక్షరాలే కదా, సరిపోయింది. ఊరి హ్యామ్‌లంతా ఒక నోడ్‌కు, ఆ నోడ్ పక్క ఊరి నోడ్‌కు... ఇలా గొలుసుకట్టుగా పెరిగింది.

ఇంటర్నెట్ వచ్చాక గొలుసు ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌కు చెందిన డర్క్ కూప్‌మన్ పెర్ల్ భాషలో ‘డీఎక్స్‌స్పైడర్’ రాశారు. ప్యాకెట్‌క్లస్టర్ నోడ్లతోనూ వాటి భాషలోనే మాట్లాడగలిగేలా దాన్ని తయారుచేశారు. ఉచితం, లైనక్స్ మీద హాయిగా నడుస్తుంది. ఏఆర్-క్లస్టర్, సీసీ క్లస్టర్ లాంటివి ఇంకొన్ని ఉన్నా, కమాండ్ల గురించి మాట్లాడుకోవడానికి స్పైడర్ చక్కటి ఉదాహరణ. ఈ కమాండ్లు టైపు చేసేది ఇంగ్లిషు అక్షరాల్లోనే. ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాం.

అడిగితే చెబుతుంది

టెల్‌నెట్ అనే ప్రోగ్రామ్‌తో నోడ్‌లోకి వెళ్లగానే అది ‘లాగిన్’ అంటుంది. మీ కాల్‌సైన్ కొట్టాలి. అంతే, లోపలున్నారు. మొదటిసారైతే పరిచయం చేసుకోవడం మర్యాద. సెట్/నేమ్ అని పేరు, సెట్/క్యూటీహెచ్ అని ఊరు, సెట్/లొకేషన్ అని అక్షాంశ రేఖాంశాలు ఇవ్వాలి. ఈ మూడోదాన్ని చాలామంది బద్ధకించి వదిలేస్తారు. అసలు ఉపయోగమంతా దాంట్లోనే ఉంది.

ఎలాగంటే, షో/హెడింగ్ అనే కమాండ్ ఒకటుంది. ఏ దేశం వైపు యాంటెన్నా తిప్పాలో డిగ్రీల్లో చెబుతుంది. మీ చోటు మీరు చెప్పకపోతే, నోడ్ తను ఉన్న చోటు నుంచి లెక్క కడుతుంది. అంటే మీరు కూర్చున్నది కర్నూలులో, లెక్క వచ్చేది ఇంగ్లండ్ నుంచి! చోటు సరిగ్గా ఇస్తే మాత్రం ముచ్చటైన సంగతులు బయటపడతాయి. హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కు గురిపెట్టాలంటే గోడ మీద పటం చూసి పడమర వైపు తిప్పుతాం. నిజానికి తిప్పాల్సింది సుమారు 337 డిగ్రీలకు. అంటే దాదాపు ఉత్తరానికే, కాస్త పడమరగా. భూమి గుండ్రం కాబట్టి దగ్గరిదారి ధ్రువానికి సమీపంగా పోతుంది. న్యూజెర్సీలో బంధువులున్న తెలుగిళ్లు ఎన్నో. వాళ్లున్నది మన ఇంటికి ఉత్తరాన అని ఒప్పించడానికి ఈ ఒక్క కమాండ్ చాలు.

షో/సన్ అంటే సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు. పంచాంగం ఉండగా ఇదెందుకనకండి. అది చెప్పేది మన ఊరి పొద్దే కాదు, అవతలి దీవి పొద్దు కూడా. 40, 80 మీటర్ల లాంటి కింది బ్యాండ్లలో రెండు కొసలా వెలుగుచీకట్లు కలిసే ఆ కొద్ది నిమిషాల్లోనే దూరపు స్టేషన్లు హఠాత్తుగా పైకి లేస్తాయి. షో/ఎంయూఎఫ్ అడిగితే, ఫలానా దారిలో ఏ ఫ్రీక్వెన్సీ దాకా తరంగం తిరిగి నేలకు దిగుతుందో అంచనా వేస్తుంది. షో/డబ్ల్యూడబ్ల్యూవీ అంటే సూర్యుడి తాజా పరిస్థితి, భూ అయస్కాంత క్షేత్రంలోని అలజడి అంకెల్లో వస్తాయి. అమెరికాలోని కొలరాడో నుంచి ప్రసారమయ్యే డబ్ల్యూడబ్ల్యూవీ అనే కాలమాన స్టేషన్ గంటగంటకూ 18వ నిమిషంలో ఈ అంకెలు చదువుతుంది. ఆ పేరే కమాండ్‌కు స్థిరపడింది.

అన్నిటికన్నా ఎక్కువసార్లు వేళ్లకు తగిలేది షో/డీఎక్స్. వట్టిగా కొడితే చివరి పది స్పాట్లు. ‘షో/డీఎక్స్ ఆన్ 20ఎం’ అంటే 20 మీటర్ల బ్యాండువి మాత్రమే. కాల్‌సైన్ ముందు అక్షరాలు చేరిస్తే ఆ దేశానివి. ఇది వార్త మాత్రమే కాదు, చరిత్ర కూడా. ఒక దీవి స్టేషన్ నిన్నా మొన్నా ఏ వేళకు ఏ బ్యాండులో ఎవరికి వినిపించిందో వరసగా చూస్తే, ఇవాళ అది ఎప్పుడు తగులుతుందో అనుభవజ్ఞులు ఊహిస్తారు. పైలప్‌లో, అంటే ఒకే స్టేషన్‌ను అందరూ ఒక్కసారే పిలిచే గోలలో, గొంతు చించుకోవడం కన్నా ఇది మేలైన వేట.

స్పాట్ పెట్టే కమాండ్ మాత్రం అన్నిటికన్నా చిన్నది. డీఎక్స్, ఫ్రీక్వెన్సీ, విన్న కాల్‌సైన్, ఒక ముక్క వ్యాఖ్య. అంతే. ఇక టాక్ అంటే మరొకరితో విడిగా రెండు మాటలు. అనౌన్స్ అంటే నోడ్‌లో అందరికీ, అనౌన్స్/ఫుల్ అంటే ప్రపంచానికంతటికీ. ఈ చివరిది తగవులకు వాడేవాళ్లు కూడా ఉన్నారు. ఖండాంతరాలు వినేలా కొట్లాడటంలోని ఆనందం ఏమిటో వాళ్లకే తెలియాలి.

వీయూ4 పలికిన డిసెంబరు

ఈ తెర మీద మన వాళ్ల పేరు ఎడతెగకుండా కనిపించిన సందర్భం 2004 డిసెంబరు. హైదరాబాద్‌లో 1983లో ఎస్.సూరి స్థాపించిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, ఎన్ఐఏఆర్, అండమాన్‌కు ఒక జట్టును పంపింది. నాయకురాలు భారతి ప్రసాద్, కాల్‌సైన్ వీయూ4ఆర్‌బీఐ. ఏళ్ల తరబడి మూగబోయిన వీయూ4 కోసం అమెరికా, ఐరోపాల హ్యామ్‌లు మొహం వాచి ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లోని ఓ హోటల్‌లో రిగ్‌లు పెట్టి వాళ్లు పిలవడం మొదలుపెట్టగానే రోజంతా పైలప్. ఇటువంటి జట్టు గాలిలోకి వచ్చినప్పుడు ‘ఏ బ్యాండులో ఉన్నారు, ఎక్కడ వింటున్నారు’ అన్న ప్రశ్నలకు జవాబు క్లస్టరే.

డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, సునామీ ముంచుకొచ్చింది. ఫోన్లు పోయాయి. డీఎక్స్ కోసం తీసుకెళ్లిన ఆ రిగ్‌లే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య సమాచార దారి అయ్యాయి. క్షేమ సమాచారాలు, అధికారుల సందేశాలు అందులోనే నడిచాయి. అభిరుచిగా నేర్చిన పనులే అప్పుడు అక్కరకొచ్చాయి. బలహీనమైన సిగ్నల్‌ను పట్టుకోవడం, చెప్పింది తప్పు లేకుండా రాసుకోవడం, ఫ్రీక్వెన్సీని ఖాళీగా ఉంచుకోవడం. క్లస్టర్ ఆ పని చేయలేదు, చేయగలిగేది కూడా కాదు. అది నడిచేది ఇంటర్నెట్ మీద. ఫోన్లు లేనిచోట దానికి చోటులేదు. ఈ తేడాను హ్యామ్‌లు కూడా ఒక్కోసారి మరిచిపోతుంటారు.

కరవు నుంచి వరదకు

కబురు కరవుగా ఉన్న రోజుల్లో పుట్టిన వ్యవస్థ ఇది. ఇప్పుడు దాని కష్టం సరిగ్గా తిరగబడింది. 2008లో అలెక్స్ షోవ్‌కోప్లియాస్ అనే హ్యామ్ ‘సీడబ్ల్యూ స్కిమ్మర్’ తయారుచేశారు. ఒక బ్యాండులోని మోర్స్ సంకేతాలన్నిటినీ ఒకేసారి విని చదవగల సాఫ్ట్‌వేర్ అది. వాటిని అక్కడక్కడా పెట్టి కలిపితే రివర్స్ బీకన్ నెట్‌వర్క్ అయింది. రోబోలు నిద్రపోవు, వాటికి విసుగు రాదు. పెద్ద పోటీ జరిగే శని, ఆదివారాల్లో ఆ ప్రవాహాన్ని మనిషి కళ్లు చదవలేవు. ఆ రోబోల స్పాట్లను స్పైడర్ అడగనిదే మీ మీద పోయదు. కావాలంటే సెట్/స్కిమ్మర్ అనాలి. వీటితో ఒక చక్కటి లాభం ఉంది. మీరే మోర్స్‌లో ఒక పిలుపు పంపి తెర చూస్తే, ఏ ఖండంలో ఏ రోబోకు ఎంత బలంగా వినిపించారో కనిపిస్తుంది. కొత్త యాంటెన్నా కట్టినవాడికి దీన్ని మించిన పరీక్ష లేదు. 2017లో ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతి వచ్చాక కంప్యూటర్లు విన్నవాటిని మ్యాపుల మీద వాటంతటవే చూపించే పీఎస్‌కే రిపోర్టర్ లాంటివి మరింత పెరిగాయి. నోటిమాటతో జరిగే సంభాషణలకు మాత్రం ఇప్పటికీ ప్రధానంగా మనిషి చెవే దిక్కు.

అందుకే నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకోవాల్సిన అసలు విద్య ‘చెప్పు’ అనే కమాండ్లలో లేదు, ‘వద్దు’ అనే కమాండ్లలో ఉంది.

యాక్సెప్ట్/స్పాట్స్, రిజెక్ట్/స్పాట్స్ అని రెండున్నాయి. 0 నుంచి 9 దాకా అంకెలు వేసి పది వరసల నియమాలు రాసుకోవచ్చు. పై నుంచి కిందికి చదువుతూ మొదట ఏది సరిపోతే అక్కడే తీర్పు చెబుతుంది. ఒకే అంకె కింద రెండూ ఉంటే ముందు తిరస్కారం, తర్వాత అంగీకారం. ‘రిజెక్ట్/స్పాట్స్ ఆన్ హెచ్‌ఎఫ్/సీడబ్ల్యూ’ అంటే హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో మోర్స్ స్పాట్లు కనిపించవు. మోర్స్ రానివాళ్లకు దీంతో సగం గోల తగ్గుతుంది. రెండు రకాలూ కలిపి కొట్టి, ఏది ఎందుకు రావడంలేదో తెలీక జుట్టు పీక్కునేవాళ్లు చాలామంది. ఏదో ఒక రకానికే కట్టుబడితే బుర్ర చల్లగా ఉంటుంది. మరీ చిక్కుపడితే క్లియర్/స్పాట్స్ ఉండనే ఉంది.

మన వైపు హ్యామ్‌లకు చాలా పనికొచ్చే కిటుకు ఇంకొకటుంది. కొత్తవాళ్లు ఫిల్టర్‌ను ‘ఎవరు పలుకుతున్నారు’ అన్నదాని మీద పెడతారు. పెట్టాల్సింది ‘ఎవరు విన్నారు’ అన్నదాని మీద. కరీబియన్‌లోని ఓ దీవిని ఫ్లోరిడాలో ఉన్నవాడు విన్నాడంటే గుంటూరులో మనకు ఒరిగేదేమీ లేదు. అదే దీవిని కొలంబోలో ఎవరైనా విన్నారంటే పరుగున వెళ్లి రిగ్ ఆన్ చేయాలి. సీక్యూ పత్రిక ప్రపంచాన్ని 40 జోన్లుగా విభజించింది. మన దేశం, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్, మాల్దీవులు 22లో ఉన్నాయి. గల్ఫ్ దేశాలు 21లో, థాయ్‌లాండ్, మయన్మార్ 26లో. చిత్రంగా మన అండమాన్ కూడా 26లోదే. కాబట్టి ‘యాక్సెప్ట్/స్పాట్స్ బై_జోన్ 21,22,26’ అని కొడితే మన చుట్టుపక్కల చెవులకు సోకినవే తెర మీదికొస్తాయి. వరసలు తగ్గుతాయి. కానీ వచ్చిన ప్రతిదీ మనకూ వినిపించే అవకాశం ఉన్నదే.

నోడ్ వెనకున్న మనిషి

ఇంతవరకూ చూసింది వాడుకునేవారి తెర. నోడ్ నడిపే మనిషి, అంటే సిసాప్, చూసే తెర వేరు. చెరువు తూము దగ్గర నీరటి ఎలాగో ఇక్కడ సిసాప్ అలాగ. ఏ కాలువ తెరవాలి, ఏది మూయాలి, ఎవరికి ఎంత వదలాలి అన్నది ఆయన చేతిలో పని. జీతం లేదు, పేరు కూడా పెద్దగా రాదు. చాలా నోడ్లు ఎవరో ఒకరి ఇంట్లో పాత కంప్యూటర్ మీదో, అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ మీదో నడుస్తుంటాయి.

స్పైడర్‌లో ప్రతి ఒక్కరికీ 0 నుంచి 9 దాకా ఒక అధికార స్థాయి ఉంటుంది. మామూలు వాడుకదారుది 0. ఇంకో నోడ్‌కు మామూలుగా ఇచ్చేది 5. ఇతరుల్ని బయటికి పంపే హక్కు లాంటివి 8 నుంచి. 9 నోడ్ యజమానిది, దూరంగా ఉన్న ఎవరికీ దాన్ని ఇవ్వొద్దని మాన్యువల్ పెద్దక్షరాల్లో హెచ్చరిస్తుంది. ఇందులో నాకు భలే నచ్చిన జాగ్రత్త ఒకటుంది. సాక్షాత్తూ సిసాపే బయటి నుంచి మామూలు వాడుకదారులా లోపలికొస్తే, ఆయన స్థాయి కూడా 0కు పడిపోతుంది. యజమాని పేరు చెప్పుకొని ఎవరో దూరకుండా వేసిన గొళ్లెం అది.

నోడ్లు తమలో తాము మాట్లాడుకునే భాష వేరు. పీసీ11 అంటే స్పాట్, పీసీ12 అంటే అనౌన్స్‌మెంట్, పీసీ10 అంటే టాక్. అందరికీ పోయే సందేశాల చివర ఒక అంకె ఉంటుంది, దాన్ని హాప్ అంటారు. ఒక్కో నోడ్ దాటినప్పుడల్లా అది ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే సందేశం అక్కడితో ఆగిపోతుంది. ఇది లేకపోతే వలయంగా కలిసిన నోడ్ల మధ్య ఒకే కబురు గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఒకే స్పాట్ రెండు దార్లలో వస్తే, ఇంతకుముందే చూశానని గుర్తుపట్టి రెండోదాన్ని పారేసే ఏర్పాటు కూడా ఉంది. నమ్మకం చాలని నెట్‌వర్క్‌తో కలవాల్సి వస్తే సెట్/ఐసోలేట్ ఉంది. అటువైపు స్పాట్లన్నీ మనకు కనిపిస్తాయి. కానీ అటు నుంచి వచ్చినవి మన మిగతా బంధుత్వాల్లోకి పోవు, మనవి అటు పోవు.

ఇక దండన కమాండ్లు. సెట్/బ్యాడ్‌స్పాటర్ అంటే ఆ కాల్‌సైన్ పెట్టే స్పాట్ ఈ నోడ్‌లో కనిపించదు, ఇక్కడి నుంచి ముందుకూ పోదు. సెట్/బ్యాడ్‌డీఎక్స్ అంటే ఫలానా కాల్‌సైన్‌ను ‘విన్నాను’ అన్న స్పాట్లకు అదే గతి. పిచ్చి రాతలకు, లేని స్టేషన్ల పేర్లకు ఇది మందు. సెట్/బ్యాడ్‌వర్డ్ బూతుల కోసం. సెట్/బ్యాడ్‌నోడ్ అంటే ఒక నోడ్ నుంచి పుట్టిన స్పాట్లన్నిటికీ అడ్డుకట్ట. చివరిది సెట్/లాకౌట్, అంటే తలుపు మూయడం. ఇవన్నీ ఆ ఒక్క నోడ్‌కే వర్తిస్తాయి. ప్రపంచానికంతటికీ ఒక పెద్దమనిషి లేడు. పక్క నోడ్ సిసాప్ కూడా అదే చేస్తేనే ఫలితం. నిజానికి ఈ నెట్‌వర్క్ పాలన అంతా ఇలా వేర్వేరు ఇళ్లలో కూర్చున్నవాళ్లు ఒకే రకంగా ఆలోచించడం మీదే ఆధారపడి ఉంది. ఒక్కోసారి ఆలోచిస్తారు, ఒక్కోసారి కొట్టుకుంటారు.

మొదట్లో ఈ వ్యవస్థలో పాస్‌వర్డ్ ఎందుకు లేదంటే, గాలిలోనూ లేదు కాబట్టి. రేడియోలో ఎవరు ఏ కాల్‌సైన్ చెప్పుకున్నా ఆపేవాడు ఉండడు. లైసెన్సు పోతుందన్న భయం, సాటి హ్యామ్‌ల ముందు పరువు, ఇవే కాపలా. రెండు మీటర్ల ప్యాకెట్ రేడియో రోజుల్లో దొంగ కాల్‌సైన్‌తో వచ్చేవాడు కనీసం ఊరికి దగ్గర్లో ఉండాలి, రేడియో కొనాలి. ఇంటర్నెట్‌లో ఆ ఖర్చు కూడా లేదు. పోటీల వేళ ఇతరుల కాల్‌సైన్లతో దొంగ స్పాట్లు వరదలా వదిలిన ఘటనలు ఉన్నాయి. కొన్ని పోటీల్లో సొంత స్పాట్ పెట్టుకోవడం నిషేధం. దాంతో ఎవరి పేరుతోనో తమకే స్పాట్ పెట్టుకునే తెలివైనవాళ్లు కూడా తయారయ్యారు. అందుకే స్పైడర్‌లో స్పాట్‌తో పాటు అది ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చిందో మోసుకెళ్లే పీసీ61 చేరింది. నమోదు, పాస్‌వర్డ్ తప్పనిసరి చేసే వీలూ ఉంది. చేయాలా వద్దా అన్నది మళ్లీ సిసాప్ ఇష్టమే. నన్నడిగితే నమోదు పెట్టడమే మంచిది. తలుపు తీసి ఉంచడం గొప్పే గానీ, పొరుగువాడి పేరుతో ఎవడో లోపలికొచ్చి వాగితే పరువు పోయేది పొరుగువాడిది.

దురుద్దేశం లేని తప్పులే ఎక్కువ అనుకోండి. మోర్స్‌లో ఎస్ అంటే మూడు చుక్కలు, హెచ్ అంటే నాలుగు, 5 అంకె అంటే ఐదు. గలగలమనే సిగ్నల్‌లో ఒక్క చుక్క జారితే హెచ్ కాస్తా ఎస్ అవుతుంది, మారుమూల దీవి కాస్తా పక్కింటి స్టేషన్ అవుతుంది. ఎవరో ఒకరు అలా పెట్టిన తప్పు కాల్‌సైన్‌ను చెవులతో సరిచూసుకోకుండా తెర మీద చూసి పిలిచి, లాగ్‌బుక్‌లో అదే రాసుకునేవాళ్లు కోకొల్లలు. పోటీ నిర్వాహకుల కంప్యూటర్ తర్వాత లాగ్‌లు పోల్చి చూసి మార్కులు కోస్తుంది.

మన దగ్గర హ్యామ్ లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. పరీక్ష రాయాలి, పన్నెండేళ్లు నిండితే అర్హులే. కాల్‌సైన్ చేతికొచ్చిన మొదటి రోజే చాలామంది క్లస్టర్‌లోకి దూకుతారు. హెల్ప్ అని కొడితే నోడే పాఠం చెబుతుంది. అప్రోపోస్ అని ఒక మాట చేరిస్తే దానికి సంబంధించిన కమాండ్లన్నీ చూపిస్తుంది. కొన్ని రోజులు చూస్తూ ఊరుకుని, ఆ తర్వాత స్పాట్ పెడితే మంచిది. ఎందుకంటే ఇన్ని కమాండ్లున్న ఈ సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన స్పాట్‌ను వెనక్కి తీసుకునే కమాండ్ వాడుకదారుడికి లేదు. ఎంటర్ నొక్కాక అది అప్పటికే లెక్కలేనన్ని నోడ్లు దాటి ఉంటుంది. తప్పు పడితే సరైన కాల్‌సైన్‌తో ఇంకో స్పాట్ పెట్టి, వ్యాఖ్యలో ‘సారీ’ అని రాస్తారు.